ఎత్తరుగు

రాయగడలో మా అత్తవారింటి వీధి అరుగు మీద జిల్లాలో ఉన్న ఆడవాళ్ళెవరైనా కూర్చోవచ్చు, మా ఇంటి ఆడవాళ్ళు తప్ప.

సంతకి కొండ దిగివచ్చిన ఆడవాళ్ళు కూర్చునేవారు. చింతపిక్కలు తీసే ఆడవాళ్ళు కూర్చునేవారు. గాజులమ్మే ఆవిడైతే బుట్ట తలకింద పెట్టుకుని ఏకంగా ఓ కునుకు తీసేది. మేం మాత్రం గడప లోపల నిలబడో, చెక్క ఊచల కిటికీ లోంచో వీధిని చూడాలి. షావుకారింటి ఆడవాళ్ళు వీధిలో కూర్చుంటే వ్యాపారం దిగిపోయిందనుకుంటారని మా మామగారి తాతగారు ఎప్పుడో అన్నారట. ఆయన పోయాక వ్యాపారం ఎన్నోసార్లు దిగింది, ఎక్కింది. ఆ మాట మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఇల్లు కట్టించిందీ ఆయనే. శ్రీకాకుళం వైపు నుంచి చింతపండు వ్యాపారానికి వచ్చి, నాలుగు డబ్బులు చూసిన మీదట, ఏ ఊళ్ళో ఏ కట్టడం నచ్చితే దాన్ని తెచ్చి ఇంటికి తగిలించారు. లోపల విజయనగరం పద్ధతిలో మండువా. వీధి గోడకి ఒడియా ఇళ్ళలా మోకాలెత్తున ఎర్రమట్టి పూత. గుమ్మం మీద జయపురం కోటలో చూసొచ్చిన కమాను. ఇక చూరుకి, అప్పట్లో కొత్తగా వెలసిన రైలు స్టేషను చూసి మోజుపడి, ప్లాట్‌ఫారం కప్పుకి ఉండేలాంటి చెక్క జాలరు. విజయనగరంలో బి.ఏ. చదివి నేనీ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున, జట్కా దిగి పైకి చూసి, మనం ఇంకా స్టేషన్లోనే ఉన్నామేమో అనుకున్నాను.

వీధిలోంచి మూడు మెట్లెక్కితే గుమ్మం. దానికి చెరోపక్కా చెరో అరుగు. ఎడమవైపుది పొట్టరుగు. కావిడి మోసుకొచ్చిన మనిషి నడుం వంచకుండానే తట్టలు దానిమీద ఆనేలా కొలిచి కట్టించారు. దాని పైన దూలానికి కాటా వేలాడేది. కుడివైపుది ఎత్తరుగు. పార్వతీపురం, సాలూరు నుంచి వచ్చే పెద్ద వర్తకులకి. దానికి ఆనుకుని ఓ టేకు స్తంభం. మూడు తరాల మగవాళ్ళు దానికి జారబడి జారబడి, వాళ్ళ తలనూనె అక్కడ నల్లగా మెరిసే మరకై నిలిచిపోయింది. నేనొచ్చేసరికి ఆ చోటు మా మామగారు మన్మథరావుగారిది.

మా అత్తయ్య రాజులమ్మగారికి ఆ ఎత్తరుగు గురించి ఒక కోరిక ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో, తెలియక, దానిమీద కూర్చున్నారట. వాళ్ళ అత్తగారు వచ్చి చెయ్యి పట్టుకుని లేపి, కూర్చున్న చోట బిందెడు నీళ్ళు పోయించి కడిగించారట.

"కడిగితే కడిగింది గానమ్మి, కూకున్న ఆ కాసేపూ ఎంత బాగున్నాదనుకున్నావు! కాళ్ళు ఏలాడేసినాను. వీధి ఆ సివరకంటా అగుపడ్డాది. మల్లీ ఒక్కపాలి అలగ కూకోవాలని ఉంటాది" అనేవారు, పప్పులో రాళ్ళు ఏరుతూ.

"మావయ్యగారు సంతలకి వెళ్ళినప్పుడు కూర్చోవచ్చు కదా అత్తయ్యా" అన్నాన్నేను ఒకసారి.

ఆవిడ నావైపు జాలిగా చూశారు. "దొంగతనంగా కూకుంటే అది కూకోడమేటి?"

తొంభైల చివర్లో, చింతపండు సీజను మంచి జోరు మీదుండగా మున్సిపాలిటీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వయింది. కౌన్సిలర్ పదవి మీద ఎన్నాళ్ళనించో కన్నేసి ఉన్న మామగారు ఆ కబురు విన్న పూట అన్నం సరిగ్గా తినలేదు. మజ్జిగ దగ్గరకొచ్చేసరికి మాత్రం ముఖం విప్పారింది.

"ఇదిగో, నీ పేరు రాయించెత్తాను" అన్నారు అత్తయ్యతో. "నువ్వేటీ సెయ్యక్కర్నేదు. దండం పెట్టి ఒక ఫొటో తీయించుకుంటే సాలు."

అత్తయ్య మజ్జిగ గరిటె గిన్నెలోనే ఉంచి ఆలోచించారు. "పోటీ సేసినోళ్ళ కోసం జనం వత్తారు కదేటండి?"

"వత్తారు. మరి రారా?"

"అప్పుడు నాను అరుగు మీద కూకోవాల కదేటి?"

మామగారు నవ్వారు. "నీకెందుకా కష్టం? నీ బదులు నేను కూకుంటాను గదా."

అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా ఆ కష్టం ఆయనే పడుతున్నారు.

అత్తయ్య వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు. "అమ్మీ, గెలిత్తే ఏటవుతాది?"

"కౌన్సిలరవుతారు."

"కౌన్సిలరు కిటికీలోంచి మాటాడదు కదా?"

"మాట్లాడకూడదనే అనుకుంటున్నానత్తయ్యా."

"అయితే రాయించీమను" అన్నారు ఆవిడ.

ఊరికి ఏంచేస్తారని ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. అడిగుంటే, ముందు నన్ను నా ఇంటి ముందు కూర్చోనివ్వండి, తర్వాత మీ మురుగుకాలవల సంగతి చూస్తానని చెప్పేవారేమో.

నామినేషన్ వేశారు. గొడుగు గుర్తు వచ్చింది. మా ఆయన మోహన్‌కృష్ణ సీజనంతా గుడారి, కాశీపూర్ సంతల్లో సరుకు కొంటూ తిరిగేవారు కాబట్టి, ఎన్నిక బరువు మామగారి మీదా, మా గుమస్తా అసిరయ్య మీదా పడింది.

మర్నాడు పొద్దున్నే మామగారు మొదటిసారిగా తన అరుగుల్ని బయటివాడి కళ్ళతో చూశారు. చూసి ముఖం చిట్లించారు. చింతపండు జిగురు, పిక్కలు, ఈగలు. చెక్క సుత్తులతో టకాటకా పండు కొట్టే ఆడవాళ్ళు. వీధి చివర కాంట్రాక్టరు చంద్రశేఖరంగారి ఇల్లు చూస్తే అద్దంలా ఉంటుంది. దామంజోడిలో అల్యూమినియం ఫ్యాక్టరీ క్వార్టర్లు చూసొచ్చి కట్టించుకున్నారు. శ్లాబు, వరండాకి నిలువెత్తు గ్రిల్లు, ముందు కారు పెట్టుకోడానికి పోర్టికో. కారు ఇంకా రాలేదు. మా అత్తయ్య మీద పోటీకి నిలబడ్డది ఆయన భార్య భారతీదేవిగారే.

"ఆళ్ళింటికెల్తే సోఫాలో కూకోబెడతారు. మనింటికొత్తే ఈగలు తోలుకోవాల" అన్నారు మామగారు. "అసిరయ్యా! ఈ పిక్కల ఆడోళ్ళని కొన్నాళ్ళు పెరట్లోకి పంపీ."

"పెరట్లో నీడ నేదు కద బాబూ."

"తలమీద గుడ్డేసుకుంటారు."

కిటికీ వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఏటండీ, ఆళ్ళంతా మన వార్డోళ్ళే. పంపకండి."

"నీకు రాజకీయం ఏటి తెలుసు?" అన్నారు మామగారు, అభ్యర్థితో.

పిక్కల ఆడవాళ్ళకి పెద్ద దిక్కు బుల్లి. పేరుకే బుల్లి, మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడితే లోపల చీకటి పడేది. సుత్తి కొంగులో చుట్టుకుని లేచింది. "మంచిదే బాబూ. గొడుగేమో మీది, ఎండేమో మాది" అనేసి, మిగతావాళ్ళని వెంటబెట్టుకుని సందులోంచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

అరుగులు కడిగించారు. రెండింటి మీదా ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. అరుగు మీద కుర్చీ ఎందుకో నాకు అర్థం కాలేదు. మంచం మీద పీట వేసుకుని పడుకున్నట్టు ఉంది. వార్డు పెద్దలొచ్చి ఆ కుర్చీల్లో బిగుసుకుని కూర్చుని, నేను పంపిన టీలు తాగి, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళేవారు. వాళ్ళంతా మామగారి స్నేహితులు. వచ్చినా రాకపోయినా మాకే వేసేవాళ్ళు.

మిగతావాళ్ళు మాత్రం ఒక్కటే అడిగేవారు. "గొడుగావిడేరీ?"

ఆవిడ కిటికీ వెనక ఉన్నారని చెప్పలేక మామగారు "పూజలో ఉన్నాది" అనేవారు. పొద్దున పూజ, మధ్యాహ్నం పూజ, సాయంత్రం పూజ. ఇంత పూజ మనుషులు చెయ్యరని తోచి కాబోలు, గొడుగావిడకి కాళ్ళు పనిచెయ్యవట, మంచం మీదే ఉందట అని వీధిలో ఒక మాట పుట్టింది. అది మా ఇంటికి తిరిగొచ్చేసరికి కాళ్ళకి వైద్యం కూడా చెప్తున్నారు.

మామగారు ఆలోచించి ఒక మార్గం కనిపెట్టారు. గడపకి సరిగ్గా లోపల ఒక కుర్చీ వేయించారు. కాళ్ళు ఇంట్లోనూ, ముఖం వీధికీ. అత్తయ్య పట్టుచీర కట్టుకుని అందులో కూర్చున్నారు. తాతగారి మాటా పోలేదు, ప్రచారమూ ఆగలేదు. వచ్చినవాళ్ళు కమాను కింద మెడలు చాచి ఆవిణ్ణి దర్శనం చేసుకునేవారు. ఒక ముసలాయన దండం పెట్టి మరీ అడిగాడు. "ఏటి తల్లీ, కాళ్ళు నొప్పులు తగ్గేయా?"

"కాళ్ళకేటి బాబూ, బాగానే ఉన్నాయి. కూకోడానికే సోటు నేదు" అన్నారు అత్తయ్య.

ఆయన పకపకా నవ్వాడు. మామగారు నవ్వలేదు.

ఈలోగా అసిరయ్య ఒక కబురు తెచ్చాడు. "బాబూ, పెరట్లో ఒక్కర్తీ నేదు. తట్టలట్టుకుని ఆ సివరింటికి పోతన్నారు. భారతమ్మగారు గేటు తీసి, కారు పెట్టేకాడ కూకోమన్నాదంట. ఫేను కూడా ఎట్టించిందంట."

"మన పండు అక్కడికి పట్టికెల్తన్నారా?"

"ఎల్తన్నారు. సాయంత్రానికి పిక్కలు తీసి మల్లీ తెచ్చిత్తన్నారు. తూకం సరిపోతంది."

మామగారు ఊపిరి పీల్చుకున్నారు. "ఊరికే నీడిత్తానంటే మనకేటి నష్టం? మనింట్లో ఈగలు తగ్గేయి."

నేను బజారు వంక పెట్టుకుని ఆ దారిన వెళ్ళాను. పోర్టికోలో కారుండాల్సిన చోట మా చింతపండు పోగులు. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. బుల్లి బృందం సుత్తులు వాయిస్తోంది. మధ్యలో చిన్న పీట మీద భారతీదేవిగారు స్వయంగా కూర్చుని, అందరి పిల్లల పేర్లూ అడిగి తెలుసుకుంటూ తనూ పిక్కలు తీస్తున్నారు. ఆవిడకి పని రాదు. సగం పండు పిక్కకే వదిలేస్తున్నారు. ఎన్నిక సంగతి ఎలా ఉన్నా, పండు మాది కాబట్టి నా ప్రాణం చివుక్కుమంది.

బుల్లి నన్ను చూసి చాప జరిపింది. "రా అమ్మీ, కూకో. ఇక్కడ లేపీసి కడగరులే."

ముప్ఫై ఏళ్ళనాటి బిందెడు నీళ్ళు వార్డంతా గుర్తుపెట్టుకుందని అప్పుడు తెలిసింది. కూర్చున్నాను. సిమెంటు చల్లగా ఉంది.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. "పండు మనది, కూలి మనది. ఓట్లు మాత్రం ఆవిడవి."

అత్తయ్య వెళ్ళి మామగారికి చెప్పారు. ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటున్నారు. "కారు నేకుండా కారు షెడ్డు ఎందుకా అనుకున్నాను. చింతపండుకా!" అని తన మాటకి తనే నవ్వుకుని, ఎత్తరుగు మీద కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు.

పోలింగయింది. లెక్కింపయింది. మేం ఓడిపోయాం. పోనీ దగ్గర్లో ఓడామా అంటే అదీ లేదు. పిక్కల ఆడవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళూ, వాళ్ళ ఇళ్ళ పక్క ఇళ్ళూ కలిసి మమ్మల్ని సాఫీగా ఓడించాయి. మా ఇంటి ఓట్లన్నీ గొడుగుకే పడ్డాయని కూడా నేను ఒట్టు పెట్టలేను. అత్తయ్యనడిగితే "ఎవులికేసినామో సెప్పకూడదంట కదమ్మి" అన్నారు.

మామగారు లెక్కింపు దగ్గర్నించి వచ్చి, తల దించుకుని మూడు మెట్లూ ఎక్కి, అరుగు వైపు చూడకుండా లోపలికి పోయి, వీధిగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. అరుగుకి తలుపుండదు. గెలిచినవాడికి అదెంత సుఖమో ఓడినవాడికి అంత కష్టం. దారేపోయే ప్రతివాడూ ఆగి "అయ్యో, అలగయిందేటి షావుకారూ" అంటాడు. ముఖం చాటేసుకోడానికి గ్రిల్లు వరండా ఎంతో బాగుంటుంది. కాని అది ఉన్న ఇంటావిడకి దాని అవసరం రాలేదు.

మర్నాడు సంత. పొద్దెక్కకముందే కొండవాళ్ళు కావిళ్ళతో దిగారు. కుర్చీలు తోసి, పొట్టరుగు మీద తట్టలు ఆనించి నిలబడ్డారు. అసిరయ్య గుమ్మంలోకి వచ్చి దగ్గాడు.

"బాబూ, సరుకొచ్చింది. రేటు సెప్పాల."

"నేను రాను" అంది గోడవైపునుంచి మామగారి గొంతు. "ఇయ్యేల అరుగు మూసీ."

అరుగు ఎలా మూస్తారో అసిరయ్యకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

బయట కొందరు కావిళ్ళు మళ్ళీ భుజాలకెత్తుకుంటున్నారు. వీధిలో మాది ఒక్కటే దుకాణం కాదు కదా. కాశీపూర్ వైపునుంచి ఏటేటా వచ్చే గురుబారి అనే ఆవిడ మాత్రం తలమీది తట్ట దించి పొట్టరుగు మీద తాపీగా కూర్చుంది. కిటికీ ఊచల వెనక అత్తయ్య కనబడితే, సావుకారు ఏడీ అని కొండవాళ్ళ దేశియా భాషలో అడిగింది. జ్వరం అన్నారు అత్తయ్య, ఆ భాషలోనే. కిటికీలోంచి విని విని నేర్చుకున్న భాష. నాకంటే బాగా వచ్చు.

అయితే నువ్వు రా, అంది గురుబారి. తన పక్కన అరుగు మీద అరచేత్తో తట్టింది. "బొసొ, మా, బొసొ."

మా ఇంటి యజమానురాలిని మా అరుగు మీద కూర్చోమని మా ఇంట్లో ఎవరూ అనని మాట, తొమ్మిది కొండలవతల నుంచి వచ్చిన మనిషి అంది. అక్కడ చోటుంటే ఎవరైనా కూర్చుంటారు. దాని వెనక ఇంత కథ ఉందని ఆమెకేం తెలుసు?

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకున్నారు. గడప దగ్గర ఇంకా తన కుర్చీ అడ్డంగా ఉంది. దాన్ని ఎత్తి నాకిచ్చి, గడప దాటారు. గురుబారి చూపించిన చోటికి వెళ్తారనుకున్నాను. కాటా అక్కడే ఉంది, ఎవరడిగినా పని మీద కూర్చున్నానని చెప్పుకోవచ్చు. ఆవిడ రెండోవైపుకి తిరిగారు. ఎత్తరుగు మీది ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పక్కకి నెట్టి, రెండు చేతులూ ఆనించి పైకెక్కి కూర్చున్నారు. కాళ్ళు వేలాడేశారు. వెనక్కి స్తంభానికి జారబడితే, ఆవిడ తల నల్లమరకకి జానెడు కిందకి వచ్చింది. ఇప్పటికీ ఆ స్తంభానికి రెండు మరకలుంటాయి. కిందది బాగా నలుపు. మా అత్తయ్య నూనె ఎక్కువ రాసేవారు.

వీధి ఆ చివరిదాకా చూశారు. తర్వాత "అసిరయ్యా, కాటా ఎత్తు" అన్నారు.

భుజాలకెత్తిన కావిళ్ళు మళ్ళీ దిగాయి.

తూకం సగంలో ఉండగా సందు మొదట్లో బుల్లి, వెనక మిగతావాళ్ళూ కనబడ్డారు. ఎన్నికయ్యాక పోర్టికోకి కారొస్తుందని గేటు వేసేశారట. తట్టలు నడుమున పెట్టుకుని, రాలేక పోలేక నిలబడ్డారు.

"ఏటలగ సూత్తన్నారు? అరుగు కాళీగానే ఉన్నాది" అని కేకేశారు అత్తయ్య.

"మేం నీకు ఓటెయ్యనేదు కదమ్మా" అంది బుల్లి.

"నాకు తెలవదేటి? కూకోండి. పిక్కలు మాత్రం మనం తీసినట్టు తియ్యండి. ఆ కాంట్రాక్టరు పెళ్ళాం తీసినట్టు తియ్యకండి."

సుత్తుల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుకి కాబోలు, కిటికీ ఊచల వెనక మామగారి ముఖం కనబడింది. క్షవరం లేదు. అక్కడినుంచి చూస్తే ఆయనకి అత్తయ్య వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆయన ఆ కిటికీ దగ్గర నిలబడగా నేను చూడడం అదే మొదలు. కోప్పడతారేమో అనుకున్నాను.

"ఎవులొచ్చేరు?" అన్నారు, మెల్లగా.

"సానామందొచ్చేరు" అన్నారు అత్తయ్య వెనక్కి తిరగకుండానే.

"నా కోసం అడిగేరా?"

"అడిగేరు. కాళ్ళు నొప్పులని సెప్పేను."

బుల్లి సుత్తి ఆగింది. అసిరయ్య కాటా ముల్లు వైపు అదేపనిగా చూశాడు. కిటికీలోంచి ఏదో వినబడింది. దగ్గో నవ్వో తెలియలేదు. తర్వాత "ఆ టీ ఏదో ఇటు కూడా ఇయ్యమను" అన్నారు మామగారు.

నేను ఒక గ్లాసు కిటికీలోంచి లోపలికిచ్చి, ఒకటి తెచ్చి అత్తయ్యకిచ్చి, నా గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎత్తరుగు మీద ఆవిడ పక్కన ఇంకో మనిషికి బోలెడు చోటుంది.

ఆవిడ నా చూపు కనిపెట్టారు. "నువ్వు లోపలికెల్లమ్మి. కోడలు అరుగు మీద కూకుంటే సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

వేళాకోళం కాదు. నిజంగానే అన్నారు. కూర్చుని ఇంకా గంట కాలేదు, తాతగారు ఆవిడలో దిగిపోయారు.

నా ముఖం చూసి కాస్త మెత్తబడ్డారు. "కావాలంటే మద్దినేల రా. వీధిలో ఎవులూ ఉండరు."

"దొంగతనంగా కూర్చుంటే అది కూర్చోవడమేమిటత్తయ్యా?" అన్నాను.

ఆవిడ టీ ఊదుకుంటూ ఆగిపోయారు.  నేను గుమ్మం వైపు తిరిగాను. అరుగు మీద కూర్చోకూడదు. గడప మీద ఎలాగూ కూర్చోకూడదు. ఆ రెంటి మధ్యనుంచీ వీధిలోకి మూడు మెట్లున్నాయి. వాటి గురించి తాతగారు ఎవరికీ ఏమీ చెప్పి పోలేదు.

పై మెట్టు మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, టీ తాగాను. అక్కడినుంచి కూడా వీధి ఆ చివరిదాకా కనిపిస్తుంది.